ఇద్దరి ప్యాకేజీలో మూడో మనిషి

“ఇది కరీబియనా?” అంది సాయికుమారి.

టాక్సీ దిగి నిండా నిమిషం కాలేదు. ఎదురుగా రిసార్టు గేటు మీద రంగురంగుల చిలక బొమ్మ. దాని కింద ‘కరీబియన్ ఇన్ బహ్రెయిన్, ఆల్ ఇన్‌క్లూజివ్’ అని పెద్ద బోర్డు. బోర్డుకి అటొకటి ఇటొకటి కొబ్బరిచెట్లు. వాటిని ఏ దేశం నుంచి తెచ్చారోగానీ, ఆ ఎండలో అవి తిరుగు టిక్కెట్టు కోసం చూస్తున్నట్టున్నాయి.

“బోర్డు మీద గట్లనే రాసిన్రు గదా,” అన్నాడు లింబాద్రి.

“కొబ్బరిచెట్లు చూడ్డానికి డబ్బులు కట్టి వచ్చామా అండీ? మా అమలాపురంలో చెప్తే నవ్విపోతారు. మా పెరట్లో వీటికి గేదెల్ని కట్టేస్తాం.”

“మీ పెరట్ల ఆల్ ఇన్‌క్లూజివ్ లేదు గదా.”

“ఎందుకు లేదూ? తిన్నవాడికి తిన్నంత, తాగినవాడికి తాగినన్ని బొండాలు. మా అమ్మ తిట్లు కూడా అందులోనే కలిపి.”

లింబాద్రి సామాను దించుకున్నాడు. రెండు రోజుల ట్రిప్పుకి అతను తెచ్చింది చిన్న బ్యాగు. ఆమె తెచ్చింది పెద్ద సూట్‌కేసు. అందులో బట్టలు పైపైన. కింద ఆవకాయ సీసా, సున్నుండల డబ్బా, అరకేజీ కందిపొడి. ‘అన్నీ కలిపి’ అని బోర్డు మీద రాసినవాళ్ళకి ఆ ‘అన్నీ’లో ఏమేముండాలో తెలియదని ఆమె ముందే కనిపెట్టింది.

వీళ్ళిద్దరికీ పెళ్ళై ఆర్నెల్లు కావస్తోంది. లింబాద్రిది జగిత్యాల వైపు. సిత్రాలో ఒక కాంట్రాక్టు కంపెనీలో పని. పైపుల చుట్టూ, ట్యాంకుల చుట్టూ ఇనప గొట్టాలతో స్కాఫోల్డింగ్ కట్టించే ఫోర్మన్. ఫోర్మన్ అయి ఇంకా రెండు జీతాలు కూడా తీసుకోలేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెబుతుంటాడు. సాయికుమారి బుదైయాలో ఒక విల్లాలో ముసలావిడని కనిపెట్టుకుని ఉంటుంది. ఉండటం కూడా అక్కడే, ముసలావిడ గది పక్కన చిన్న గదిలో. అతనుండేది క్యాంపులో, అంతస్తుల మంచాల మీద, ఏడుగురు మగాళ్ళ గురకల మధ్య.

కాబట్టి కొత్త దంపతుల కాపురం శుక్రవారం సాయంత్రాలు బుదైయా పార్కులో ఒక బెంచీ మీద సాగుతోంది. పెళ్ళికి ముందూ అదే బెంచీ, పెళ్ళయ్యాకా అదే బెంచీ. పెళ్ళివల్ల వచ్చిన మార్పల్లా, ఇద్దరి మధ్యా ఉండే హ్యాండ్‌బ్యాగు ఇప్పుడు ఒక పక్కకి జరిగింది.

ఊళ్ళో పెళ్ళైనప్పుడు పది రోజులు సెలవు దొరికింది గానీ, ఇంటినిండా చుట్టాలు. కొత్త జంట ఒక గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటే, “గడియ పెట్టకుండ్రి, బియ్యం బస్తా అండ్లనే ఉన్నది,” అని లింబాద్రి తల్లి రాములవ్వ బయట్నుంచి చెప్పేది.

అందుకే ఫోన్లో ఈ రిసార్టు ఆఫర్ కనబడగానే లింబాద్రి ఓవర్‌టైం డబ్బులు తీసి కట్టేశాడు. క్యాంపులో పక్క మంచం గంగన్నకి చెబితే, “కరీబియన్ అంటే దుబాయిల ఏ దిక్కున్నదిరా?” అన్నాడు. గంగన్నకి బహ్రెయిన్ కూడా దుబాయే.

రిసెప్షన్లో పువ్వుల చొక్కా, గడ్డిటోపీ పెట్టుకున్న కుర్రాడు నవ్వుతూ ఎదురొచ్చాడు. “వెల్‌కమ్ టు ది ఐలాండ్స్, మాన్,” అని రెండు గ్లాసులు చేతికిచ్చాడు. గుండె మీద బిళ్ళలో మణికుమార్ అని ఉంది.

సాయికుమారి ఆ పేరు చదివి, అతని మొహం చూసి, “ఏ ఊరు బాబూ?” అంది.

మణికుమార్ అటూ ఇటూ చూశాడు. “తుని అండి. డ్యూటీలో ఉన్నంతసేపూ జమైకా అండి,” అన్నాడు గొంతు తగ్గించి.

---

ఈ ఇద్దరూ మొదటిసారి కలిసింది సల్మానియాలో, ఆస్పత్రి వరండాలో. సాయికుమారి ముసలావిడని మోకాలి నొప్పికి తీసుకొచ్చింది. లింబాద్రి వేలు నలిగి కట్టు కట్టించుకోడానికి వచ్చాడు. కూర్చుని ఫోన్లో గంగన్నతో మాట్లాడుతున్నాడు. “లైను పెద్దగున్నది. నా ముంగట ఒక ముసలామె, పక్కన ఒక పోలీసు పోరి. గా పోరి మొఖం జూస్తే నొప్పి గూడ భయపడి పోతది.”

అతను ఫోన్ పెట్టేదాకా ఆమె ఆగింది. తర్వాత తలతిప్పి, “పోలీసు పోరికి తెలుగొచ్చండి,” అంది.

లింబాద్రి ఆ తర్వాత మూడు శుక్రవారాలు క్షమాపణ చెప్పాడు. ఒక్కసారి చెబితే సరిపోయే క్షమాపణ మూడుసార్లు ఎందుకు చెబుతున్నాడో ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

---

గదిలో మంచం మీద తువ్వాళ్ళతో చేసిన రెండు హంసలు మూతులు ఆనించుకుని ఉన్నాయి. చుట్టూ గులాబీ రేకులు.

“ఇవి దులపడానికే అరగంట,” అంది సాయికుమారి. ఇల్లు శుభ్రం చేసే మనిషికి పువ్వులు ముందు చెత్తలాగే కనిపిస్తాయి.

రేకులు దులిపారు. హంసల్ని విప్పి మడత పెట్టారు. ఇక చెయ్యడానికి ఏమీ లేదు. అతను మంచానికి ఈ చివర కూర్చున్నాడు. ఆమె ఆ చివర కూర్చుంది. సరిగ్గా పార్కు బెంచీ మీద కూర్చున్నట్టే. కాకపోతే ఇక్కడ ఫుట్‌బాల్ ఆడే పిల్లలు లేరు, పకోడీలు పంచుకునే పక్క కుటుంబం లేదు. తలుపుకి గడియ ఉంది, బియ్యం బస్తా లేదు. ఇంత సౌకర్యం ఒక్కసారే మీద పడేసరికి ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు.

“ఏసీ మంచిగ పనిచేస్తుంది,” అన్నాడు లింబాద్రి.

“అవునండి. చల్లగా ఉంది.”

“టీవీ పెట్టాల్నా?”

సాయికుమారి నవ్వింది. అతనికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంచెం జరిగాడు. ఆమె కూడా జరిగింది. అతను చెయ్యి పట్టుకున్నాడు. ఫోన్ మోగింది.

“మామా,” అంది సాయికుమారి, చెయ్యి వదిలించుకుని.

మామా అంటే అతని మామ కాదు, ఆమె మామా కాదు. బుదైయా ముసలావిడ. అసలు పేరు ఉమ్ జాసిం, అంటే జాసిం తల్లి. ఇంట్లో పనిచేసేవాళ్ళందరికీ మామా. రెండు రోజుల కోసం వచ్చిన మనిషి టీలో చక్కెర వేసిందట. మామాకి షుగరు. ఆ టీని ఏం చెయ్యాలో, ఆ మనిషిని ఏం చెయ్యాలో సాయికుమారి అరబీలో పావుగంట చెప్పింది.

ఫోన్ పెట్టాక మళ్ళీ చెయ్యి పట్టుకున్నాడు. మళ్ళీ మోగింది. ఈసారి టీవీ రిమోట్ కనబడలేదు.

“రెండు రోజుల హనీమూన్ల రిమోట్ గూడ నువ్వే దేవాల్నా?” అన్నాడు లింబాద్రి.

“దిండు కింద ఉంటుందండీ. ఆవిడే పెట్టుకుంటారు, ఆవిడే మర్చిపోతారు.”

“మరి దిండు కిందనే ఉంటదని ఎరికైతే ఫోన్ ఎందుకు?”

“రిమోట్ కోసమా ఏంటండీ? నేను లేనని.”

లింబాద్రి లేచి చెప్పులు వేసుకున్నాడు. ఆకలైతుంది అన్నాడు.

---

బఫేలో లింబాద్రి ఒక పద్ధతి ప్రకారం ముందుకెళ్ళాడు. ఈ చివర సూపుతో మొదలుపెట్టి ఆ చివర కేకుదాకా ఏ గిన్నెనీ చిన్నబుచ్చలేదు. చెయ్యికి కట్టిన పసుపుపచ్చ పట్టీ వైపు మధ్యమధ్యలో చూసుకుంటున్నాడు, అది ఉన్నంతకాలం తనని ఎవరూ ఆపలేరన్నట్టు.

“ఇదేం కోడి?” అంది సాయికుమారి ప్లేటులో నల్లటి ముక్కని తిప్పి చూస్తూ.

“జమైకా స్పెషలట.”

“మాడ్చి దానికో ఊరిపేరు పెట్టారన్నమాట.” బ్యాగులోంచి ఆవకాయ సీసా తీసి రెండు చెంచాలు వేసుకుంది. “ఇప్పుడు తినొచ్చు.”

మూలన ఒకతను నున్నటి ఇనప డ్రమ్ము మీద ఏదో పాట వాయిస్తున్నాడు. మణికుమార్ చెవిలో చెప్పినదాని ప్రకారం అతనిది కేరళలో త్రిశూర్ అట. కరీబియన్ మొత్తం మీద కరీబియన్ మనిషి మాత్రం ఇంకా తగల్లేదు.

తిన్నాక సముద్రం ఒడ్డున నడిచారు. పొద్దు గుంకుతోంది. నీళ్ళు ఒక్క అలైనా లేకుండా పళ్ళెంలో పోసినట్టున్నాయి. లింబాద్రి జేబులోంచి ఒక తాళంచెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

“ఏంటిది?”

“మన రూం. సల్మానియాల. మా కంపెనీల పనిజేసే భీమేశ్వరరావన్న ఇంట్ల ఒక రూం ఖాళీ అయింది. వచ్చే నెల సంది మనదే. ఇగ నువ్వు విల్లాల ఉండుడు బంద్. పని ఇడిసిపెట్టు. సల్మానియాల ఇంకో పని దొరుకుతది, లేకుంటే లేదు.”

సాయికుమారి తాళంచెవి వైపు చూసింది. ఆమె మొహంలో సంతోషం కోసం అతను వెతికాడు. అది కొంచెం వచ్చి, మధ్యలో ఆగిపోయింది.

“నేను కూడా ఒకటి చెప్దామనుకున్నానండీ,” అంది. “మామా వాళ్ళ డ్రైవరు వెళ్ళిపోతున్నాడు. వెనకాల డ్రైవరు గది ఉంది కదా, ఏసీ, బాత్రూమ్ అన్నీ ఉన్నాయి. మీకు లైసెన్సుంది. నేను జాసిం సార్‌తో చెప్పేశాను, మావారు వస్తారని.”

“ఏం జేస్త అని?”

“డ్రైవరుగా.”

లింబాద్రి నడక ఆపేశాడు. “నేను ఫోర్మన్.”

“తెలుసండి. రోజూ చెబుతున్నారుగా.”

“నా కింద మనుషులు పనిజేస్తరు. నేను యల్లా అంటే గొట్టం లేస్తది, ఖలాస్ అంటే ఆగుతది. నేను వచ్చి మీ మామాకు కూరగాయల సంచులు మోయాల్నా?”

“నేను మోస్తున్నాగా. అరిగిపోయానా?”

“నన్ను అడగకుంట ఎట్ల చెప్పినవ్?”

“మీరు నన్నడిగి గది తీసుకున్నారా? పని మానెయ్యి అంటున్నారు, ఆవిడకి ఎవరున్నారు? నేను వచ్చిన కొత్తలో అన్నం ఎలా అడగాలో తెలియకపోతే పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క మాటా నేర్పించారు. ఇవాళ తాళంచెవి దొరికింది కదా అని వచ్చేస్తానా?”

“అయితే మీ మామాతోటే ఉండు.”

“ఉంటానులెండి. అలవాటేగా.”

ఇదంతా ఒక పెద్ద పూలదండ కట్టిన చెక్క తోరణం కింద జరిగింది. దాని మీద ‘లవర్స్ పాయింట్’ అని రాసుంది. ఫొటోలు తీసే అమ్మాయి కెమెరా పట్టుకుని దగ్గరికొచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, ఇంకో జంట దగ్గరికి వెళ్ళిపోయింది.

రాత్రి భోజనానికి ఇద్దరూ వెళ్ళలేదు. ఆ రాత్రి గురించి ఇంకేమీ చెప్పడానికి లేదు. మంచం చాలా పెద్దది, దానికి రెండు చివర్లున్నాయి. అంతే.

---

పొద్దున టిఫిను దగ్గర మాటలన్నీ మణికుమార్ మీదుగా నడిచాయి.

“ఆయనకి కాఫీ కావాలేమో అడుగు బాబూ.”

“ఆమెను అడుగు, ఇడ్లీలు ఉన్నయట, తింటవా అని.”

మణికుమార్ ఇద్దరి మధ్యా తిరుగుతూ మర్యాదగా మోశాడు. ఐలాండ్స్‌లో ఈ పని కూడా ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే రిసెప్షన్ వైపు నుంచి కర్ర చప్పుడు వినిపించింది. ఒళ్ళంతా కప్పిన నల్లటి అబాయా, చేతిలో వెండిపొన్ను కర్ర, వెనక తల వంచుకుని నడుస్తున్న కొడుకు. ఉమ్ జాసిం వచ్చేసింది.

“చక్కెర తగ్గించమంటే ఉప్పు వేసింది,” అంది ఆవిడ, పలకరింపుకి బదులు. అరబీలోనే. “ఒక్కరోజుకి పాస్ ఇస్తారని జాసిం చెప్పాడు. ఇక్కడ టీ ఎవరు పెడతారు?”

జాసిం తల్లిని కుర్చీలో కూర్చోబెట్టాడు. సాయికుమారి వైపు ‘నా వల్ల కాలేదు’ అన్నట్టు చూసి, ఎండ తగ్గాక వస్తానని వెళ్ళిపోయాడు. నాలుగు కుర్చీల బల్లకి ఆవిడ కూర్చున్నది సరిగ్గా మొగుడికీ పెళ్ళానికీ మధ్య. ఇద్దరికని రాసుకున్న ప్యాకేజీలో ఈ సౌకర్యం గురించి ఎక్కడా లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. లింబాద్రికి అరబీ వచ్చు. బాగా వచ్చు. సిత్రా ఊరివాడైన సూపర్‌వైజరు కింద ఆరేళ్ళు తిట్లు తిన్నవాడికి రాకుండా ఎలా ఉంటుంది? కానీ మొదటి రోజుల్లో సాయికుమారి ఒక షాపులో అతని తరఫున తనే బేరమాడింది. చెయ్యి ఊపుతూ, కనుబొమలెత్తుతూ, అతనికోసం ఆమె అలా పోట్లాడుతుంటే చూడ్డానికి మహా బాగుంది. అందుకని నోరు మూసుకున్నాడు. తర్వాత చెబుదామనుకున్నాడు. తర్వాత పెళ్ళైపోయింది. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని గొడవ, అందుకని ఇంకా మూసుకునే ఉన్నాడు.

ఉమ్ జాసిం అతన్ని కళ్ళజోడు సర్దుకుని చూసింది. “వీడేనా? ఫొటోలో ఇంకా తెల్లగా ఉన్నాడు.”

“ఏమంటున్నది?” అన్నాడు లింబాద్రి, అమాయకంగా.

“బాగున్నారా అని అడుగుతున్నారు,” అంది సాయికుమారి. నిన్నటి నుంచి అతనితో నేరుగా అన్న మొదటి మాట అది.

“ఆ ప్లేటు చూడు,” అంది ముసలావిడ. “ఒంటె కూడా ఎడారి దాటేముందే ఇంత తింటుంది. వీడు ఎక్కడికి వెళ్తున్నాడు?”

“మొహమాటపడకుండా తినమంటున్నారు.”

“మంచి మనిషి,” అన్నాడు లింబాద్రి, ఇంకో ఇడ్లీ తుంచుకుంటూ.

సాయికుమారి టీ తెచ్చిపెట్టింది. రెండు గుక్కలు తాగాక ఉమ్ జాసిం మొహంలో ముడతలు కొంచెం విడ్డాయి. “సరే, వీడు డ్రైవింగుకి ఎప్పుడొస్తాడు?” అంది.

సాయికుమారి కాసేపు బల్ల మీది ముక్కల్ని చేత్తో ఊడ్చింది. “రారు మామా. ఆయనకి ఇష్టం లేదు.”

“అయితే పోనీ. వాడి గొట్టాలు వాడిని మోసుకోమను. నీ జీతం పెంచమని జాసింతో చెబుతాను. ఇంకో రెండేళ్ళు సంతకం పెట్టు. శుక్రవారం మీ బెంచీ మీకుంది కదా.”

లింబాద్రి ఇడ్లీ నములుతున్నాడు. నమలడం మాత్రం నెమ్మదించింది.

సాయికుమారి అతని వైపు ఒకసారి చూసింది. అర్థమయ్యే అవకాశం లేదన్న ధీమాతో, మెల్లగా, ఆగి ఆగి చెప్పింది.

“మామా, నాకు వారంలో ఒక్క రోజే ఉంటోంది. మిగతా రోజులన్నీ ఆ రోజు కోసం చూడ్డంతోనే అయిపోతున్నాయి. గాలి లేచినప్పుడు మీరు కిటికీలు మూయమంటారు. నేను మూస్తూ, ఈయన ఇప్పుడు ఎంత ఎత్తులో నిలబడ్డాడో అనుకుంటాను. మీ టీలో పుదీనా మర్చిపోయేది ఆ రోజుల్లోనే. డ్రైవరు పని అందుకే అడిగాను. నేలమీద ఉంటాడు, నా కళ్ళముందు ఉంటాడు అని. ఆయన్ని అడక్కుండా మాటిచ్చాను, తప్పు నాదే. ఆయన ఎక్కడ గది తీసుకుంటే అక్కడికి వెళ్తాను. మీకు మంచి మనిషిని చూసి, మీ పనులన్నీ నేర్పించి, అప్పుడే వెళ్తాను. మీరంటే నాకు అమ్మ తర్వాత అమ్మే. కానీ ఈయన లేకపోతే నాకు ఈ దేశంలో ఉండబుద్ధి కాదు.”

ముసలావిడ టీ కప్పు కింద పెట్టింది.

“ఇదంతా ఆయనకి చెప్పకండి,” అంది సాయికుమారి. “ఫోర్మన్ అయ్యాక సైట్లో పెట్టుకునే హెల్మెట్ రంగు మారిందని ఇప్పటికే తల ఎత్తుకుని తిరుగుతున్నారు. ఇది కూడా తెలిస్తే ఆ తల గుమ్మంలో పట్టదు.”

“ఏమంటున్నవ్ గంతసేపు?” అన్నాడు లింబాద్రి.

“ఈ ఏడు ఎండ ఎక్కువగా ఉందని మాట్లాడుకుంటున్నాం.”

లింబాద్రి లేచాడు. నీళ్ళు తెచ్చుకుంటానని చెప్పి బఫే వైపు వెళ్ళాడు. బల్ల మీద నిండా నీళ్ళ సీసా ఉంది. అక్కడ పండ్ల గిన్నెల ముందు కాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. మణికుమార్ వచ్చి, “పుచ్చకాయ పెట్టమంటారా అండి?” అంటే, వద్దని తలూపి కళ్ళు తుడుచుకున్నాడు. ఆవకాయ ఘాటు అని అతనికి చెప్పాడు. ఆ పూట ఆవకాయ సీసా మూత ఇంకా తియ్యనే లేదు.

తిరిగొచ్చి కూర్చుని, ముసలావిడ వైపు తిరిగి అరబీలో మొదలుపెట్టాడు.

“పిన్నీ, సాయి మీ దగ్గర పని మానదు. రెండేళ్ళ సంతకం కూడా పెడుతుంది. కానీ రాత్రి మా ఇంట్లో ఉంటుంది. సల్మానియా గది వద్దని చెప్పేస్తాను. బుదైయాలోనే, మీ ఇంటికి నడిచొచ్చే దూరంలో గది వెతుక్కుంటాను. పొద్దున వస్తుంది, సాయంత్రం మీ మందులిచ్చాక నేనొచ్చి తీసుకెళ్తాను. నాకు సిత్రా దూరమవుతుంది, గంట ముందు లేస్తాను. డ్రైవరుగా మాత్రం రాను.”

సాయికుమారి చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది.

ఉమ్ జాసిం అతన్ని కళ్ళజోడు లేకుండా ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూసింది. “నువ్వు మాట్లాడేది సిత్రా చేపలవాళ్ళ అరబీ.”

“నేర్పింది వాళ్ళే పిన్నీ.”

“ఒంటె సంగతి విన్నావా?”

“విన్నాను. ఎడారి దాటడం లేదు, నిన్న రాత్రి అన్నం తినలేదు. అందుకని.”

ముసలావిడ నవ్వడం మొదలుపెట్టింది. భుజాలు ఊగేదాకా నవ్వింది. మళ్ళీ తేరుకుని పనిలో పడింది. “రాత్రి నాకు దాహమైతే?”

“జాసిం సార్‌కి రెండు చేతులున్నాయి. మీరు పిలిచి చూడలేదు, అంతే.”

“వాడికి పిలుపు వినపడదు.”

“ఆమెను ఇక్కడిదాకా వెతుక్కుంటూ వచ్చారు కదా పిన్నీ. కొడుకు మేడమీదే ఉన్నాడు.”

ఉమ్ జాసిం కర్ర పిడి మీద వేళ్ళతో కాసేపు తాళం వేసింది. సముద్రం వైపు చూసింది. తనకి పెళ్ళైన కొత్తలో భర్త ముత్యాల పడవల వాళ్ళతో తిరిగేవాడని, వచ్చేదాకా గోడవతల చూస్తూ కూర్చునేదాన్నని అంది. ఆ తర్వాత గొంతు మార్చుకుని వ్యవహారంలోకి దిగింది.

“మా తోట పక్కన మా తమ్ముడి ఇల్లు. మేడ మీద గది ఖాళీగా ఉంది. ఊరికే ఇవ్వడు, పిసినారి. అద్దె తీసుకుంటాడు.”

“అద్దె ఇస్తేనే ఉంటాం.”

“శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ నా ఇంట్లో తినాలి. బెంచీలు, పార్కులు ఇక చాలు.” చెయ్యి చాపి అతని తల మీద వేసి, గట్టిగా ఒక తట్టు తట్టింది. దీవెనో దెబ్బో తెలియలేదు. “దీన్ని ఏడిపిస్తే నీ గొట్టాలన్నీ కూలగొట్టిస్తాను. ఖలాస్.”

అప్పటికి సాయికుమారికి మాట వచ్చింది.

“మీకు అరబీ ఎప్పట్నుంచి వచ్చు?”

“నిన్ను జూడకముందు సంది.”

“అంటే బెంచీ మీద కూర్చుని నేను మామాతో ఫోన్లో మాట్లాడినవన్నీ...”

“అన్ని.”

“మీ ముక్కు గురించి అన్నది కూడానా?”

“ముక్కు గురించి గూడ. ఒంటికి తగ్గ ముక్కు కాదు, ఇంకెవరిదో తెచ్చి పెట్టిన్రు అన్నవ్.”

సాయికుమారి చున్నీ మొహం మీదికి లాక్కుంది. మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమెకి అలక కూడా ఇలాగే వస్తుంది గనుక, ఇది సిగ్గు అని పోల్చుకోడానికి లింబాద్రికి కొంచెం సేపు పట్టింది.

ఉమ్ జాసిం మాత్రం పాస్‌కి పూర్తి న్యాయం చేసింది. చేప బాలేదని చెబుతూ రెండుసార్లు వేయించుకుని తింది. డ్రమ్ము వాయించేవాణ్ణి పిలిపించి చెవులు నొప్పి పుడుతున్నాయని చెప్పింది. ఎండ తగ్గాక జాసిం వస్తే, “రాత్రి నేను పిలిస్తే వినపడాలి,” అని అతనితో అంటూ కారెక్కింది. జాసిం ఏమీ అర్థంకాక లింబాద్రి వైపు చూశాడు. లింబాద్రి అరబీ రానివాడిలా నవ్వాడు.

---

సాయంత్రం నీళ్ళ దగ్గరికి వెళ్ళారు. సాయికుమారి చుడీదారు పైకి మడిచి నడుము లోతుదాకా వెళ్ళిపోయింది. లింబాద్రి చీలమండ దగ్గరే ఆగిపోయాడు.

“రండి.”

“ఇక్కడ మంచిగనే ఉన్నది.”

“అంత ఎత్తు గొట్టాల మీద నిలబడే మనిషికి నీళ్ళంటే భయమా?”

“గొట్టం కదలదు. ఇది కదులుతుంది. మా దిక్కు సముద్రం లేదు.”

ఆమె వెనక్కొచ్చి అతని రెండు చేతులూ పట్టుకుని లాక్కెళ్ళింది. కాలవల్లో ఈతకొట్టి పెరిగిన పిల్ల. అతని వీపు కింద చెయ్యి పెట్టి, “వెనక్కి వాలండి. ఒళ్ళు వదిలెయ్యండి. నేను పట్టుకున్నాను,” అంది.

“ఇడిసిపెడితే?”

“వదిలేస్తే మామాకి జవాబు చెప్పలేను. వాలండి.”

ఫోర్మన్‌గారు కళ్ళు గట్టిగా మూసుకుని, కర్రలా బిగుసుకుని వాలారు. చుట్టుపక్కల చిన్నపిల్లలు చేపల్లా తిరుగుతున్నారు. ఒకటి రెండుసార్లు మునిగాక ఒళ్ళు కొంచెం సడలింది. నీళ్ళు మోస్తున్నాయి. కింద ఆమె చెయ్యి ఉంది. కళ్ళు తెరిస్తే పైన ఆకాశం, దానికి అడ్డంగా ఆమె మొహం.

“సాయీ.”

“ఏంటండీ?”

“పొద్దున మామాకు చెప్పినవు గదా. నాకు గూడ చెప్పు. తెలుగుల.”

“విన్నారుగా.”

“అది ఆమెకు చెప్పినవ్. నాకు చెప్పలే.”

ఆమె చుట్టూ చూసింది. పక్కన ఒక కుటుంబం, అవతల గడ్డిటోపీల జంట. ఎవరికీ తెలుగు రాదు. అయినా ఇంత చిన్న మాట అరబీలో అంత సులువుగా వచ్చి, తెలుగులో ఎందుకు గొంతుకి అడ్డం పడుతుందో ఆమెకి అర్థం కాలేదు.

“మీరంటే నాకు చాలా ఇష్టమండీ,” అంది చివరికి. “మీరు కిందికి దిగి ఫోన్ చేసేదాకా నాకు అన్నం సహించదు. గాలిలో ఎక్కనని మీరు మాటివ్వాలి. ఆ ముక్కు కూడా బాగానే ఉంటుంది, అలవాటైతే.”

ఈ మాటలకి లింబాద్రి ఒళ్ళు వదిలెయ్యడం మర్చిపోయాడు. లేచి నిలబడబోయి, కాలు జారి, నిలువునా మునిగి, సముద్రంలో తన వాటా తాగి పైకొచ్చాడు. దగ్గు ఆగలేదు. సాయికుమారి ఒక చేత్తో జబ్బ పట్టుకుని ఇంకో చేత్తో వీపు మీద చరుస్తోంది.

“ఎక్కను,” అన్నాడు దగ్గుల మధ్య. “గాలి ఉంటే ఎక్క. ఇంకొకపారి చెప్పు.”

“ముందు ఊపిరి పీల్చండి. చెప్పడానికి వచ్చే నెల నుంచి రోజూ సాయంత్రాలున్నాయి.”